దాత ఇచ్చిన 15,000తో బడికి ఏ పిల్లల పుస్తకాలు కొనాలి? కొన్నాక ఎలా వాడాలి?

లంక టీచరు

అందరికీ నమస్కారమండి. పి.గన్నవరం వైపు ఒక లంక ఊళ్ళో ప్రాథమిక పాఠశాలలో ఎస్జీటీని (సెకండరీ గ్రేడ్ టీచర్ని). ఒకటి నుంచి ఐదు దాకా కలిపి ముప్ఫై మందికి కాస్త పైన పిల్లలు, ఇద్దరం టీచర్లం, రెండు గదులు. మా బడిలో చదువుకున్నాయన ఒకరు మస్కట్‌లో ఉంటారు. సంక్రాంతికి వచ్చి బడికి 15,000 ఇచ్చారు. అద్దాల బీరువా కొని దాని మీద వాళ్ళ నాన్నగారి పేరు రాయించమన్నారు. బీరువా ఉందండీ, అందులో పిల్లలు చదివేవే లేవని మెల్లగా నచ్చజెప్పి పుస్తకాల వైపు తిప్పాను.

ఉన్నవేమిటంటే మహనీయుల జీవిత చరిత్రలు, క్విజ్ పుస్తకాలు, నీతికథల సెట్లు రెండు. పోటీ పరీక్షల గైడు కూడా ఒకటుంది, ఎలా వచ్చిందో దేవుడికెరుక. పిల్లలు తీస్తారు, బొమ్మలు తిప్పుతారు, పెట్టేస్తారు. నాలుగో తరగతిలో సగం మంది ఒత్తు కనిపిస్తే ఆగిపోతున్నారు. ఒకటో తరగతి వాళ్ళు ఇంకా గుణింతాల దగ్గరే ఉన్నారు.

ఏ పుస్తకాలు కొనాలి, ఎన్ని కొనాలి? అట్ట మీద "6–8 ఏళ్ళు" అని వేసింది నమ్మొచ్చా? లైబ్రరీ పీరియడులో అన్ని తరగతులూ ఒకే గదిలో కూర్చుంటే ఏం చేయించాలి? మా హెచ్‌ఎం గారికి పుస్తకాలు ఇళ్ళకి పంపడమంటే భయం. పోతే స్టాకు రిజిస్టరు ముందు నిలబడాల్సింది ఆయనే కదా, ఆయన్ని అనడానికి లేదు. ఇంకోటి, వరదొస్తే మా బడిలోకి నీళ్ళొస్తాయి. 2022 జూలైలో బీరువా కింది అర మొత్తం తడిసి ముద్దయిందట, నేనప్పటికి ఈ బడికి రాలేదు.

అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి ప్లీజ్.

పెద్దపంతులమ్మ, అంబాజీపేట

అమ్మాయ్, ఆ బాబు చేత బీరువా మాన్పించావు చూడు, కష్టమైన పని అక్కడే అయిపోయింది. నా ఉద్యోగమంతా కోనసీమ బళ్ళలోనే గడిచింది, అందులోనూ ఎక్కువ ఒంటి టీచరు బళ్ళు. రిటైరయ్యాక ఈ కబుర్లు వినేవాళ్ళు దొరకట్లేదు గనక పొడుగ్గానే రాస్తాను, ఓర్చుకో.

ముందు డబ్బు సంగతి. తెలుగులో పిల్లల బొమ్మల పుస్తకాలు 30–40 రూపాయల నుంచి 100 దాకా ఉంటాయి గదా, రకానికొకటి చొప్పున రెండొందలు కొనెయ్యొచ్చని లెక్కేస్తారు అందరూ. అలా కొనకు. ఫొటోలో బల్ల నిండా కనిపిస్తాయి, దాతకి తృప్తిగా ఉంటుంది, అంతవరకే. నేనైతే అరవై పేర్లకి మించకుండా ఎంచి, వాటిలో ఓ పదిహేనింటిని ఐదేసి కాపీలు తెప్పిస్తాను. మూడు వేలు ఖర్చు పెట్టకుండా దాస్తాను. ఏ పుస్తకం ఎక్కువ నలిగిందో దసరా నాటికి తెలిసిపోతుంది. దాన్నే మళ్ళీ కొనాలి.

ఐదేసి కాపీలెందుకంటావేమో. ఒక్క కాపీ చుట్టూ నలుగురు చేరితే ఒకడికే అక్షరాలు తిన్నగా కనిపిస్తాయి. ఇద్దరు పక్క నుంచి తొంగి చూస్తారు, ఎదురుగా కూర్చున్నవాడికి అంతా తలకిందులు. ఆ తలకిందులవాడు ఎప్పుడు చూసినా చదవడం రానివాడే అయ్యుంటాడు, వచ్చినవాడు ముందే మంచి చోటు చూసుకుని కూర్చుంటాడు గనక. తలా ఒకటి చేతిలో ఉంటే నువ్వు పైకి చదువుతుంటే రానివాడి కళ్ళు కూడా లైను వెంట నడుస్తాయి. పైగా పిల్లలు ఒకరు చదివిందే ఇంకొకరు చదువుతారు. పక్కవాడు నవ్విన పేజీ ఏదో వాడికి వెంటనే కావాలి, రేపటికి అక్కర్లేదు.

ఇక ఎంచడం. అట్ట మీది వయసుని పట్టించుకోకు. ఆ అంకె అచ్చేసినవాళ్ళ అంచనా, మన నాలుగో తరగతి పిల్లాడి చదువు సంగతి వాళ్ళకేం తెలుసు. పుస్తకం ఇంటికి తెచ్చుకుని గట్టిగా, గొంతెత్తి చదువు. పసివాడికి పెట్టే ముద్ద తల్లి ముందు తన నాలిక మీద వేసుకున్నట్టు. నీ గొంతు ఎక్కడ తడబడితే అక్కడ వాక్యం బాగాలేదని. వేరే భాషలోంచి వచ్చిన పుస్తకాల్లో ఇది మరీ కనిపిస్తుంది. కథ బంగారంలా ఉంటుంది, మాటలు మాత్రం ఎవరి నోటా రానివి. అలాంటిది బొమ్మలెంత బావున్నా పక్కన పెట్టేసెయ్. వరసగా రెండోసారి చదవబుద్ధి కాకపోతే అదీ వద్దు. పిల్లలు ఇరవై సార్లు చదివించుకుంటారు, నువ్వు ఆ ఇరవై సార్లూ బతకాలిగా.

తర్వాత మాటలు మూసేసి బొమ్మలొక్కటే చూడు. అక్షరాల్లో లేనిది బొమ్మలో ఏదో ఒకటి ఉండాలి. మంచం కింద పిల్లి నక్కి ఉండటమో, అవ్వ వెనకాల మేక కండువా నమలడమో. చదవడం రానివాడు అది ముందుగా కనిపెట్టి అరుస్తాడు. చదివేవాడికి ఎక్కడో తెలీదు. ఆ రోజుకి గదిలో వాడే పెద్దవాడు.

అచ్చు చూసుకో. తెలుగు పుస్తకాల్లో లైను చివర చోటు చాలకపోతే మాటని సగానికి విరిచేసి మిగతాది కింద లైనులో వేసేస్తారు, మధ్యలో గీతైనా ఉండదు. మనకి అలవాటై తెలియదు గానీ కొత్తగా చదివేవాడు అక్కడే బోల్తా కొడతాడు. మొదటి మెట్టు పుస్తకాల్లో ప్రతి లైనూ మాట పూర్తయ్యే ముగియాలి. రంగు బొమ్మ మీద రంగు అక్షరాలు వేసినవి, వంకీలు తిప్పిన సోకు అక్షరాలతో వేసినవి చిన్నవాళ్ళకి కొనకు. మాటలన్నీ సంధి కలిపేసి జెడలా అల్లిన వాక్యాలు కూడా వద్దు.

ఒత్తుల సంగతి అడిగావు. ఒత్తులు లేని పుస్తకాలు ఏరి తెమ్మని చాలామంది చెప్తారు, నేను చెప్పను. అమ్మ, నాన్న, అన్నం, పిల్లి, కుక్క, చెట్టు, పువ్వు. పిల్లాడికి ప్రాణమైన మాటలన్నిట్లో ఒత్తులే. అవి తీసేస్తే మిగిలేవి ఏ ఇంట్లోనూ వినపడని మాటలు, వాటితో కథేం కడతారు? నీకు కావలసింది ఒకే వాక్యం మళ్ళీ మళ్ళీ వచ్చే పుస్తకం. మూడో పేజీకి పిల్లలే అందుకుంటారు. నోటికొచ్చిన వాక్యం కళ్ళ ముందు కనిపిస్తుంటే ఒత్తు దానంతటదే పట్టుబడుతుంది. ఇది పాఠ్యపుస్తకానికి బదులు అనడం లేదు, దానికి తోడు.

నీతికథల సెట్లు... ఇవి రాయాలంటేనే నాకు వేడెక్కుతుంది. మన పిల్లలకి ఏ కథైనా చెప్పి "ఇందులో నీతేమిటర్రా" అని అడిగి చూడు. "అబద్ధమాడరాదు" అని ముక్తకంఠంతో అరుస్తారు. కథలో అబద్ధమాడినవాడు ఒక్కడూ ఉండడు! కథ వినకుండానే జవాబు తెలిసిపోవడం నేర్పాం వాళ్ళకి. చివర నలుపు అక్షరాల్లో నీతి వేసిన పుస్తకం దుకాణంలోనే వదిలేసిరా. అసలు సెట్టు అన్నదే కొనకు. ఇరవై పుస్తకాల సెట్టులో నాలుగు బావుంటాయి, పదహారు వాటి వీపున ఎక్కి వస్తాయి.

దాతలు తరచుగా అనే మాట ఇంకోటి: "మన కోనసీమ, మన సంస్కృతి ఉన్న పుస్తకాలు కొనండమ్మా." కొబ్బరిచెట్టు, కాలవ, ఏరు దాటించే పంటు ఉన్న పుస్తకం దొరికితే సంతోషంగా కొను. దొరికేవి తక్కువ. వాటికోసమే పట్టుబట్టకు. మా పిల్లలు ఎగబడి చూసింది ఎడారి ఉన్న పుస్తకాన్ని. చుట్టూ నీళ్ళున్న ఊళ్ళో పుట్టినవాడికి నీళ్ళే లేని చోటు ఒకటుంటుందని తెలియడం ఎంత వింత!

మన ఊరి పుస్తకాలు మనమే చేసుకోవాలి. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం, నీకు చెప్పేదేముంది. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలు, అంటే దేవుణ్ణి నిలిపి భుజాల మీద మోసుకొచ్చే ఎత్తైన వెదురు కట్టడాలు, కౌశిక ఏట్లో దిగి నీళ్ళలోంచి అవతలికి వస్తాయి. పండగ సెలవులయ్యాక పిల్లలు అది తప్ప మరో కబురు చెప్పరు. చెప్పనిచ్చేదాన్ని. చెప్పింది చెప్పినట్టు బోర్డు మీద రాసి, తలా ఒక వాక్యం డ్రాయింగు షీటు మీద రాయించి, కింద బొమ్మ వేయించి, అట్ట వేసి కుట్టేసేదాన్ని. వాళ్ళ యాస దిద్దేదాన్ని కాదు. కొన్న పుస్తకాలన్నిటికన్నా అదే ముందు చిరిగిపోయేది. ఒకటో తరగతి పిల్ల కూడా చదివేది, ఆ వాక్యాలు తన నోట్లోంచి వచ్చినవే గదా.

కొనేచోటు. హైదరాబాదు 'మంచి పుస్తకం' వాళ్ళవి, ప్రథమ్ బుక్స్ వాళ్ళవి, చెన్నై తూలికవి, నేషనల్ బుక్ ట్రస్టు వాళ్ళ నెహ్రూ బాల పుస్తకాలయంవి చూడు. ప్రథమ్ వాళ్ళ స్టోరీవీవర్ వెబ్‌సైటులో తెలుగు కథలు ఉచితంగా దించుకోవచ్చు, అచ్చు తీసుకోవడానికీ అనుమతుంది. ఒకటి నుంచి నాలుగు దాకా మెట్లు కట్టి పెట్టారు. ఆ మెట్లు మాత్రం అట్ట మీది వయసు కన్నా నయం. అయితే అక్కడ ఎవరైనా కథ పెట్టొచ్చు గనక అన్నీ ఒకేలా ఉండవు, గొంతెత్తి చదివే పరీక్ష వాటికీ పెట్టు. వీలైతే జనవరి మొదట్లో విజయవాడ పుస్తకాల పండగకి వెళ్ళు. అక్కడైతే నిలబడి చదివి కొనుక్కోవచ్చు.

ఇప్పుడు వాడటం. వారానికొక లైబ్రరీ పీరియడు అన్నది కాగితం మీద ఉండనీ. నువ్వు మాత్రం రోజూ మధ్యాహ్న భోజనం అయ్యాక ఓ పావుగంట పుస్తకం చదివి వినిపించు. భోజనం తర్వాత ఎలాగూ లెక్కలు ఎక్కవు. పుస్తకం నీ వైపు కాదు, పిల్లల వైపు తిప్పి పట్టుకో. మెడ నొప్పెడుతుంది, అలవాటవుతుంది. అట్ట చూపించి ఏం జరగబోతోందో అడుగు. మధ్యలో ఒక్కచోటే ఆగు, కథ మలుపు తిరిగే పేజీ తిప్పే ముందు. పేజీకో ప్రశ్న వేసేవాళ్ళని చూశాను, అది కథ వినిపించడం కాదు, పోలీసు విచారణ. అయిపోయాక "ఏం నేర్చుకున్నారు" అనకు. ఊరుకో. వాళ్ళే ఏదో అంటారు. మర్నాడు అదే పుస్తకం మళ్ళీ చదువు. కొత్తది కావాలని గొడవ చేస్తారనుకుంటావు, చేయరు. రెండోసారికి రాబోయేది వాళ్ళకి తెలుసు గనక నీకన్నా ముందు చెప్పేస్తారు, ఆ గర్వమే వాళ్ళకి కావాలి. ఆ తర్వాత పుస్తకం తాడెక్కాలి. గోడకి ఈ చివర నుంచి ఆ చివరకి కొబ్బరితాడు కట్టి పుస్తకాలు అట్ట కనిపించేలా వేలాడదీయి. బీరువాలో వెన్నులు మాత్రమే కనిపిస్తాయి, మన సన్నటి పుస్తకాలకి వెన్నే ఉండదు.

అన్ని తరగతులూ ఒకే గదిలో ఉండటం అదృష్టం అనుకో. ఐదో తరగతిలో చదవడం రానివాడు ఒకడు ఉంటాడు. రెండో తరగతి పుస్తకం ఇస్తే సిగ్గుపడి ముట్టుకోడు. "ఒరేయ్, శుక్రవారం ఒకటో తరగతి పిల్లలకి నువ్వే చదివి వినిపించాలి, తయారవ్వు" అను. అప్పుడు ఆ చిన్న పుస్తకమే సగర్వంగా పట్టుకుని వారమంతా చదువుకుంటాడు. ఎవరైనా చూసినా "చిన్నపిల్లల కోసం" అని చెప్పుకోవడానికి వాడికి వంక ఉంది. ఇంతకంటే మంచి మందు నాకు కనపడలేదు.

ఇళ్ళకి పంపాల్సిందే. హెచ్‌ఎం గారి భయం న్యాయమైనదే. దాత పుస్తకాలకి వేరే రిజిస్టరు పెట్టండి. వాడితే చిరుగుతాయి, కొన్ని పోతాయి, దానికి టీచర్లు జవాబుదారీ కారని తల్లిదండ్రుల కమిటీ చేత తీర్మానం రాయించి సంతకాలు తీసుకోండి. దాతకీ ముందే చెప్పండి. పిల్లలు ఇచ్చిపుచ్చుకునే పుస్తకం మీద రాసే పని నాలుగో తరగతి పిల్లలకి అప్పజెప్పు, మనకన్నా గట్టిగా వసూలు చేస్తారు.

ఇళ్ళలో చదివి చెప్పేవాళ్ళు లేరని అనుకోకు. మన వైపు చాలా ఇళ్ళలో అమ్మ కువైట్‌లోనో దుబాయ్‌లోనో ఉంటుంది, పిల్లలు అమ్మమ్మ దగ్గర. మా బడిలో ఓ మూడో తరగతి పిల్ల శుక్రవారం పుస్తకం తీసుకెళ్ళి, ఫోనులో వాళ్ళమ్మకి బొమ్మలు చూపిస్తూ చదివి వినిపించేది. "ఏం తిన్నావు, బాగా చదువుతున్నావా" అన్న రెండు ప్రశ్నలయ్యాక అంత దూరాన ఉన్న తల్లికీ పిల్లకీ మాట్లాడుకోవడానికి ఏముంటుంది చెప్పు. పుస్తకం ఉంటే బోలెడు ఉంటుంది. ఆ పిల్ల చదువు బాగుపడింది సరే, వాళ్ళమ్మ "వచ్చే వారం ఏ కథ" అని అడగడం మొదలెట్టింది.

వరద. మూత బిగించే ప్లాస్టిక్ డ్రమ్ము ఒకటి కొనుక్కో. ధవళేశ్వరం దగ్గర గోదావరి నీటిమట్టం 13.75 అడుగులకి వస్తే రెండో ప్రమాద హెచ్చరిక ఇస్తారు కదా, అది వినగానే తాడు మీదివన్నీ డ్రమ్ములోకి, డ్రమ్ము అటక మీదకి. మూడోదాకా ఆగితే నువ్వు బడికి చేరలేవు.

రాజోలు గ్రంథాలయం

మేడమ్ గారి జవాబు ప్రింటు తీసి పెట్టుకుంటానండి. శాఖా గ్రంథాలయంలో పని చేసేవాణ్ణి, రెండు మాటలు.

ఐదేసి కాపీల దగ్గర మాత్రం నాకు భిన్నాభిప్రాయం. మా దగ్గరికి వచ్చే పిల్లల్లో ఒకడున్నాడు, ట్రాక్టరు బొమ్మ లేని పుస్తకం ముట్టడు. ఇంకో పాప పాములుంటేనే చదువుతుంది. పదిహేను పేర్లకి డబ్బంతా పోస్తే, ఆ పదిహేనూ నచ్చనివాడికి బడిలో ఏమీ లేనట్టే కదండీ. పిల్లాడు తనంతట తాను ఎంచుకుంటేనే చదువరి అవుతాడు. ఎంచుకోవాలంటే రకాలుండాలి.

రకాలకి డబ్బు లేకపోతే మా దగ్గరికి రండి. ఇంటిపన్ను రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు మీ ఊరివాళ్ళు కూడా కడుతున్నారు, పుస్తకాలు వాళ్ళవే. దగ్గర్లోని శాఖా గ్రంథాలయానికి పిల్లల్ని ఒకసారి నడిపించండి. నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి, ఆ వారం మేమే పిల్లల కోసం ఎదురుచూస్తుంటాం. బడికి పుస్తకాలు కొన్నాళ్ళకి అరువివ్వడం కుదురుతుందేమో మీ లైబ్రేరియన్‌ని అడగండి.

లంకకి పుస్తకాలు చేరవేయడం కష్టమని మాత్రం అనకండే. 1935లోనే కృష్ణా డెల్టాలో కొల్లూరు, పెదపులివర్రు మధ్య కాలవలో పడవ మీద గ్రంథాలయం నడిపారు మనవాళ్ళు. పంటు మీద ఓ పెట్టె దాటించలేమా?

భీమవరం నాన్న

నేను టీచర్ని కాదండి, చెరువులు చేసుకునేవాణ్ణి. ఇద్దరు పిల్లలు. అందరూ తెలుగు పుస్తకాలంటున్నారు గానీ ఇప్పుడు సర్కారు బళ్ళలో కూడా ఇంగ్లీషు మీడియమే కదా? ఆ డబ్బుతో ఇంగ్లీషు కథల పుస్తకాలు కొంటే పిల్లలకి పైకి పనికొస్తుంది కదండీ. తప్పుగా అనుకోవద్దు, సందేహం కొద్దీ అడుగుతున్నాను.

పెద్దపంతులమ్మ, అంబాజీపేట

తప్పేముంది బాబూ, ప్రతి తండ్రీ అడిగేదే. చదవడమన్నది ఒక్కసారి వచ్చే విద్య. అచ్చులోంచి అర్థం రాబట్టడం ఎలాగో తనకి తెలిసిన భాషలో పట్టుబడ్డాక రెండో భాషకి అది తోడొస్తుంది. మాటకి అర్థమే తెలియని భాషలో మొదలెడితే శబ్దం పలుకుతాడు, అంతే. మా మనవడు ఇంగ్లీషు పుస్తకం గడగడా చదివేస్తాడు, ఏం జరిగిందిరా కథలో అంటే నా మొహం చూస్తాడు.

రెండు భాషలూ పక్కపక్కన అచ్చేసిన పుస్తకాలున్నాయి, ప్రభుత్వ పాఠ్యపుస్తకాలు కూడా ఇప్పుడు ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషుగా వస్తున్నాయి. కథల్లో అలాంటివి కొన్ని కొనండి, బాగుంటాయి. వాడేటప్పుడు ఒకటే జాగ్రత్త: వాక్యం ఇంగ్లీషులో చదివి వెంటనే తెలుగు చెప్పెయ్యకూడదు. అలా చేస్తే పిల్లలు ఇంగ్లీషు వినడం మానేసి తెలుగు కోసం కాచుకు కూర్చుంటారు. సోమవారం మొత్తం కథ తెలుగులో. గురువారం అదే కథ మొత్తం ఇంగ్లీషులో, బొమ్మలు చూపిస్తూ. కథ తెలుసు గనక మాటలు వాళ్ళే ఊహించుకుంటారు.

గ్రంథాలయం బాబుకి. ట్రాక్టరు పిల్లాడి మాట నిజమే, వాడికోసం ట్రాక్టరు పుస్తకం ఒక్క కాపీ కొనాల్సిందే. నేను చెప్పిన మిగతా నలభై అయిదు పేర్లు వాడికే. కానీ మీ దగ్గరికి నడిచొచ్చేవాడు అప్పటికే పుస్తకం రుచి మరిగినవాడు. ఈ అమ్మాయి గదిలో ఉన్నది ఇంకా మరగనివాళ్ళు. వాళ్ళకి ఎంపిక కన్నా ముందు తోడు కావాలి, నలుగురూ ఒకే చోట నవ్వడం కావాలి. నేను ఐదు దగ్గరే ఉంటాను. మీరు మీ మాట మీద ఉండండి, ఇద్దరం పుస్తకాలే కొనమంటున్నాం కదా.

పడవ గ్రంథాలయం సంగతి బాగా గుర్తుచేశారు.

లంక టీచరు

మేడమ్ గారూ, సార్, చాలా థ్యాంక్సండి. హెచ్‌ఎం గారికి ఇదంతా చదివి వినిపించాను. తీర్మానం అన్నమాట వినగానే ఆయన మొహం విచ్చుకుంది. వచ్చే కమిటీ మీటింగులో పెడదామన్నారు. దాతగారికి ఫోను చేసి చిరుగుతాయండీ అని చెప్తే "చిరగనీయండి టీచరుగారూ, నాన్నగారి పేరు మాత్రం లోపలి అట్ట మీద చిన్న స్టాంపు వేయండి" అన్నారు. వేస్తాం.

కాపీల విషయంలో మధ్యే మార్గం కాదు గానీ, పెద్దవాళ్ళ గదిలో రకాలు, చిన్నవాళ్ళ గదిలో కాపీలు అనుకుంటున్నాం. పదిహేను కాకుండా పది పేర్లు ఐదేసి, అవన్నీ ఒకే వాక్యం మళ్ళీ మళ్ళీ వచ్చేవి, ఒకటి రెండు తరగతులకి. మూడు నుంచి ఐదుకి యాభై దాకా విడి పేర్లు. అందులో ట్రాక్టరూ పామూ రెండూ ఉన్నాయండి. నిన్న సాయంత్రం స్టోరీవీవర్‌లో కొన్ని కథలు గొంతెత్తి చదువుతుంటే మా అత్తగారు వంటింట్లోంచి వచ్చి కూర్చున్నారు. మధ్యలో లేచి వెళ్ళిపోయిన కథలు లిస్టులోంచి కొట్టేశాను.

ఒక్క సందేహం మిగిలింది. మా పాత పుస్తకాల్లో పేజీలన్నీ మధ్యలోంచి ఊడిపోయాయి, తిరగేస్తే రాలిపోతున్నాయి. కొత్తవి కూడా అలాగే అవుతాయా? లామినేషన్ చేయిస్తే ఆగుతుందా? అట్టకి లామినేషన్ రేటు అమలాపురంలో కనుక్కున్నాను, పుస్తకం ఖరీదులో సగం చెప్తున్నారు.

రాజోలు గ్రంథాలయం

లామినేషన్ వద్దండి. ఊడిపోయేది అట్ట వల్ల కాదు, మధ్యలో కొట్టిన పిన్నుల వల్ల. మన గాలిలో చెమ్మ ఎక్కువ, సముద్రం దగ్గర ఉప్పు కూడానూ. పిన్ను తుప్పు పట్టి చుట్టూ కాగితాన్ని తినేస్తుంది. కొత్త పుస్తకాలు రాగానే పిన్నులు తీసేసి, ఆ కన్నాల్లోంచే గట్టి నూలుదారంతో కుట్టించండి. అట్టకి పాత క్యాలెండరు కాగితం చాలు, మీద పల్చటి ప్లాస్టిక్ కవరు వేస్తే ఇంకా మంచిది. టేపు మాత్రం అంటించకండి, ఏడాది తిరిగేసరికి పసుపెక్కి జిగురు కారి పేజీలు అతుక్కుంటాయి. చిరిగినచోట పల్చటి కాగితం ముక్క మైదా జిగురుతో అంటించండి, అందులో చిటికెడు మైలతుత్తం (కాపర్ సల్ఫేటు) కలిపితే పురుగు పట్టదు. మైలతుత్తం విషం గనక ఆ జిగురు పని మీరే చేయండి, పిల్లల చేతికివ్వకండి.

కుట్టడం ఐదో తరగతి వాళ్ళు ఒక్క మధ్యాహ్నంలో నేర్చేసుకుంటారు. కన్నాలు చిన్నవైతే దబ్బనంతో పెద్దవి చేయాలి, దబ్బనం మాత్రం మీ దగ్గరే ఉంచుకోండి.